ఉయ్యాల ముసలమ్మ కూలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఊరికే కూర్చోవడం తప్పు కింద లెక్క. ఎవరైనా చేతులు ముడుచుకుని కనబడితే చాలు, మా నాయనమ్మ ఏదో ఒక పని తెచ్చి ఒళ్ళో పడేసేది. చింతపండులో గింజలు తీయమనేది, కందిపప్పులో రాళ్ళు ఏరమనేది. ఏ పనీ లేకపోతే నిన్న చుట్టిన పురికొసే విప్పి మళ్ళీ చుట్టమనేది. ఆ అలవాటు నా ఒంటికీ పట్టింది. ఈ వయసులో కూడా ఒకచోట నిలకడగా కూర్చోలేను. డాక్టరు కూర్చోమంటాడు, కోడలు కూర్చోమంటుంది, మోకాళ్ళు కూడా అదే మాట అంటాయి. నావల్ల కాదు. ఈ నాలుగు ముక్కలు రాస్తూ కూడా ఒకసారి పాలు పొంగుతాయేమోనని లేచాను, ఇంకోసారి పెరట్లో పంపు కారుతున్నట్టనిపించి లేచాను. పంపు కారడం లేదు. అయినా వెళ్ళాను కాబట్టి గట్టిగా బిగించి వచ్చాను.

నేను ఐదో తరగతి దాటలేదు. అందుకని నెమ్మదిగానే రాస్తాను. కానీ చెప్పాల్సింది ఒకటుంది. కూర్చోవడం కూడా పనే అవుతుందని, దానికీ కూలి ఇవ్వాలని, కూర్చోవడం చేతగాని నేను నమ్ముతాను. ఆ నమ్మకం నాకు ఒక మిరప చేలో కలిగింది.

మా ఊరు వత్సవాయికి దగ్గర. మా తాతయ్యకి నల్లరేగడి చేలో మిరప తోట ఉండేది. మాఘమాసం వచ్చేసరికి కాయ పండి, చేను చేనంతా ఎర్రబడేది. కోతకి పక్క ఊరి నుంచి ఆడవాళ్ళ గుంపు ఒకటి వచ్చేది. వాళ్ళని తీసుకొచ్చే ఆవిడని అందరూ మేస్త్రమ్మ అనేవారు. ఎత్తుగా ఉండేది, మాట చురుగ్గా ఉండేది. ఆ గుంపులో సగం మంది చంటిపిల్లల తల్లులే. చేని గట్టున ఒక వేపచెట్టు ఉంటే, దాని కొమ్మలకి పాత చీరలతో ఉయ్యాలలు కట్టి పిల్లల్ని అందులో పడుకోబెట్టేవారు. నడక వచ్చిన పిల్లలు చెట్టు కింద ఆడుకునేవాళ్ళు. వాళ్ళందరినీ చూసుకోవడానికి గుంపుతోపాటు ఒక ముసలమ్మ వచ్చేది. నడుం వంగిపోయింది కనుక ఆమె కాయ కోయలేదు. అందరూ ఆమెను ఉయ్యాల ముసలమ్మ అనేవారు.

మిరప కోసిన చేతుల సంగతి తెలియని వాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఆ ఘాటు చేతులకి పట్టుకుంటే ఉత్త నీళ్ళకి పోదు. మట్టితో తోమి, ఆముదం రాసి, తుడిచి, మళ్ళీ తోమినా గోళ్ళ సందుల్లో మిగిలే ఉంటుంది. ఆ చేతులతో తల్లి తన బిడ్డని తాకకూడదు. పాలివ్వాల్సి వచ్చినప్పుడు తల్లులు చెట్టు దగ్గరికొచ్చి, చేతులు రెండూ వీపు వెనక పెట్టుకుని ముందుకి వంగేవారు. ముసలమ్మే రవిక ముడి విప్పి, బిడ్డని పట్టుకుని పాలు తాగించి, మళ్ళీ ముడి వేసి పంపేది. ఆమె మాత్రం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క మిరపకాయ కూడా ముట్టుకునేది కాదు. తన గంజిలోకి కూడా ఉప్పుకల్లే నంజుకునేది.

కూలి సాయంత్రం కల్లం దగ్గర ఇచ్చేవారు. డబ్బులు కావు, జొన్నలు. తాతయ్య మానికతో కొలుస్తుంటే ఆడవాళ్ళు వరసగా వచ్చి చీర కొంగు ఒడిలా పట్టేవారు. ముసలమ్మకి అందరికంటే చివర్న, అందరికీ ఇచ్చేదాంట్లో సగం కొలిచేవారు. ఆమెకి వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ గింజలు దొరికిన రోజున పొయ్యి వెలిగించుకునేది, లేని రోజున నీళ్ళు తాగి పడుకునేది. ఆ సంగతి మా ఊళ్ళో కూడా అందరికీ తెలుసు.

ఆ ఏడు మిరప ధర పడిపోయింది. జగ్గయ్యపేట వ్యాపారి వచ్చి కాయ చూసి, పెదవి విరిచి వెళ్ళాడు. అప్పట్నుంచి తాతయ్యకి కాలు ఒకచోట నిలవలేదు. కల్లానికీ ఇంటికీ, ఇంటికీ చేనుకీ తిరుగుతూనే ఉన్నాడు. దానికి తోడు ఆకాశంలో మబ్బులు కూడా కమ్ముతున్నాయి. ఆరబోసిన కాయ తడిస్తే తెల్లబడి, ధర పలకని తాలు అయిపోతుంది. ఎక్కడ మిగిలించాలా అని చూస్తున్న మనిషికి ఆ సాయంత్రం ముసలమ్మ పట్టిన కొంగు కనబడింది.

"ఏమే ముసలీ, నువ్వొక్క కాయన్నా కోశావా? పొద్దస్తమానం నీడపట్టున కూర్చుంటివి. చెట్టు కింద కూర్చున్నదానికి కూలేంటే?" అన్నాడు.

మేస్త్రమ్మ ముందుకొచ్చింది. "అయ్యగారూ, ఆమె కూర్చుంటేగదండీ మేం నిలబడేది" అంది.

"మీ పిల్లలు మీ బాధ. నేను కాయ కోసినోళ్ళకే ఇస్తా."

అలా అని మానికని గింజల్లో బోర్లించేశాడు. ముసలమ్మ పట్టిన కొంగు దులిపి భుజాన వేసుకుంది. దులపడానికి అందులో ఒక్క గింజ కూడా లేదు. మేస్త్రమ్మ తన ఒడిలోంచి దోసెడు గింజలు తీసి ఇవ్వబోతే ముసలమ్మ వెనక్కి జరిగింది. "ఒద్దులేయే. మీ గింజలు మీ పిల్లలవి. నేను రేపట్నించి రానులే" అని గట్టు మీద నడుచుకుంటూ పోయింది.

నేను మా నాయనమ్మ పక్కనే ఉన్నాను. ఆమె జాలిగుండె మనిషని ఎవరూ అనుకోకండి. మానిక మీద ఒక్క గింజ ఎక్కువ నిలిచినా చేతి అంచుతో తలగొట్టే మనిషి. అగ్గిపుల్లని నిలువునా చీల్చి రెండుసార్లు వాడేది. అలాంటి మనిషి ఆ సాయంత్రం మేస్త్రమ్మని పక్కకి పిలిచి, "రేపు పొద్దున్న ముసలమ్మని మా ఇంటికి పంపు. నాకు పనుంది" అంది. మేస్త్రమ్మ ఆమె మొహంలోకి ఒక క్షణం చూసి తలూపింది. ఏం పనో నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో పని బయటివాళ్ళ చేత చేయించడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు గుంపు మా ఇంటి ముందు నుంచి చేనుకి పోతుంటే ముసలమ్మ ఒక్కతే మా గడపలోకి తిరిగింది. తాతయ్య తలపాగా చుట్టుకుంటున్నాడు. నాయనమ్మ ఆయనకి చెంబు అందిస్తూ, వంటింటి మాట చెప్పినంత మామూలుగా, "ముసలమ్మ ఇవాళ నా దగ్గరుంటుంది. ఆ పిల్లల్ని కాస్త మీరు చూడండి" అంది.

"నేనా?"

"మీరెటూ ఆ చెట్టు కిందే గదా మంచమేసుకునేది. పనేం కాదుగా, కూర్చోవడమేగా."

తాతయ్య నవ్వాడు. "ఓస్, ఇంతేనా! నలుగురు పిల్లల తండ్రిని. నాకు తెలీదా?"

"తండ్రే. కాదన్లేదుగా" అంది నాయనమ్మ.

ఆయన వెళ్ళాక ముసలమ్మ వసారాలో నిలబడి, "ఏం పని చెయ్యమంటారమ్మగారూ?" అని అడిగింది. నాయనమ్మ పీట వాల్చి, "కూర్చో" అంది. అంతే. ఏరడానికి బియ్యం ఇవ్వలేదు, దంచడానికి పసుపు కొమ్ములు ఇవ్వలేదు. మా ఇంట్లో ఒక మనిషిని ఊరికే కూర్చోమనడం నేను వినడం అదే మొదలు. ముసలమ్మ కూర్చుంది కానీ కుదురుగా ఉండలేకపోయింది. ఒకసారి కొంగు సర్దుకుంది. ఒకసారి లేచి వీధి వైపు చూసింది. ఎక్కడో మేకపిల్ల అరిస్తే ఉలిక్కిపడి, "పిల్లోడు లేచినట్టున్నాడమ్మా" అంది. నాయనమ్మ విననట్టు తన పని తను చేసుకుంది. వాళ్ళిద్దరి మధ్యా ఉండలేక నేను లోపలికీ బయటికీ తిరిగాను.

ఎండ ముదురుతుండగా నాయనమ్మ మజ్జిగ ముంత నా చేతికిచ్చి, "తాతయ్యకి ఇచ్చిరా. అక్కడ ఏం జరిగినా నువ్వు కలగజేసుకోకు" అని పంపింది.

చేని దగ్గరికి వెళ్ళేసరికి తాతయ్య మంచం ఒక పక్కకి ఒరిగి ఉంది. తలపాగా ఊడి ఒక పిల్లవాడి చేతిలో ఉంది, వాడు దాన్ని మట్టిలో ఈడ్చుకుంటూ తిరుగుతున్నాడు. తాతయ్య ఒక ఉయ్యాల ఊపుతుంటే రెండోది ఆగి, అందులో బిడ్డ ఏడుస్తోంది. దాని దగ్గరికి వెళితే మొదటిది లేస్తోంది. ఈలోగా పాకే పిల్ల ఒకతి మోట బావి వైపు బయల్దేరింది. ఆయన పరిగెత్తి దాన్ని చంకన వేసుకొచ్చి దింపితే, ఆ పిల్ల మళ్ళీ అటే మొహం తిప్పింది. చేలో ఆడవాళ్ళ నడుములు వంగడం లేదు. ఏడుపు వినబడిన ప్రతిసారీ ఏదో ఒక తల్లి నిటారుగా లేచి చెట్టు వైపు చూస్తోంది. చేతులు కాయ మీద ఉన్నా చూపులన్నీ ఇటే. మామూలుగా ఆ పొద్దుకి చేని చివరికి చేరే సాళ్ళు సగంలోనే ఉన్నాయి.

"ఆ చూపులేంటే? కొయ్యండి!" అని తాతయ్య అరిచాడు. అరుపుకి పడుకున్న బిడ్డ కూడా లేచింది.

"కోస్తన్నామండీ. మీరు కాస్త మెల్లిగా కూర్చోండయ్యగారూ!" అంది మేస్త్రమ్మ చేలోంచి. ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

మా తాతయ్యకి ఒక అలవాటుంది. మిరప రైతులందరికీ ఉంటుంది. మనసు చికాగ్గా ఉన్నప్పుడు చేతికి అందిన పండుకాయని చిదిమి, గింజ గట్టిపడిందా లేదా అని వేళ్ళ మధ్య నలిపి చూస్తాడు. గట్టున ఉన్న తట్టలోంచి కాయ తీసి అలాగే నలిపాడు. ఆ క్షణంలోనే అందరికంటే చిన్నది, నెలల బిడ్డ, గుక్కపట్టింది. ఆయన చేతిలో కాయ పారేసి బిడ్డని ఎత్తుకున్నాడు. పాపం, ఎత్తుకోవడం బాగానే ఎత్తుకున్నాడు. కారుతున్న కన్నీళ్ళు చూసి, బొటనవేలితో తుడిచాడు.

ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బిడ్డ ఒళ్ళంతా విల్లులా వంచి, ఊపిరి అందనట్టు అరిచింది. తల్లి తట్ట పారేసి సాళ్ళు దాటుకుంటూ పరుగున వచ్చింది. పచ్చి బాలింతరాలు, మా పక్కింటి అక్క కంటే పెద్దదేం కాదు. రెండు చేతులూ చాచుకుని వచ్చి, బిడ్డకి అడుగు దూరంలో ఆగిపోయింది. చేతులు ముందుకే ఉన్నాయి. అరచేతులు ఎర్రగా మెరుస్తున్నాయి. వాటిని చూసుకుంది. ముందుకి రాలేదు, వెనక్కి పోలేదు. అలాగే నిలబడిపోయింది.

తాతయ్య తన చేతులు చూసుకున్నాడు. చేలోంచి వచ్చిన ఆడవాళ్ళందరూ తమ చేతులు చూసుకున్నారు. నేను కూడా వస్తూ వస్తూ ఆట కోసం నాలుగు కాయలు కోసి లంగా కుచ్చెళ్ళలో వేసుకున్నాను. అంత చేలో ఆ బిడ్డని తాకగల చెయ్యి ఒక్కటి లేదు.

"ముసలమ్మని పిలవండే! ఎవరన్నా పరిగెత్తండే!" అని తాతయ్య అరిచాడు. ఆ గొంతు నాకు కొత్త. మజ్జిగ ముంత అక్కడే వదిలేసి పరిగెత్తాను.

సగం దారిలోనే ముసలమ్మ ఎదురొచ్చింది. ఆ కేక ఊరి చివర మా ఇంటిదాకా వినబడిందట. పీట మీంచి లేచిన మనిషిని నాయనమ్మ ఆపలేదు, తనూ వెనకే వస్తోంది. వంగిన నడుంతో ముసలమ్మ ఎలా నడిచిందో నాకు తెలియదు, ఆమెతో మళ్ళీ చేను వైపు తిరిగిన నేనే వెనకబడ్డాను. వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా తాతయ్య చేతుల్లోంచి బిడ్డని తీసుకుంది. కుండలో నీళ్ళతో మొహం కడిగింది. తల్లిని కూర్చోమని, చేతులు వెనక్కి పెట్టుకోమని, రవిక ముడి విప్పి, బిడ్డ కళ్ళల్లో తల్లి పాలు పిండింది. మళ్ళీ తుడిచింది, మళ్ళీ పిండింది. కాసేపటికి కేక ఏడుపైంది, ఏడుపు వెక్కిళ్ళయింది, ఆ వెక్కిళ్ళ మధ్యనే బిడ్డ పాలకి నోరు తెరిచింది. చివరికి ఎర్రబడిన కళ్ళు విప్పి చూసింది. తల్లి చేతులు మాత్రం వెనకాల ఒకదాన్నొకటి పట్టుకుని నలుగుతూనే ఉన్నాయి.

నాయనమ్మ ఒరిగిపోయిన మంచం సరిచేసి, మట్టిలో పడిన తలపాగా దులిపి ఆయన చేతికిచ్చింది. తర్వాత నా కుచ్చెళ్ళలోంచి మిరపకాయలు తీసి తట్టలో వేసింది. నాలుగు కాయలైనా సరే, ఆమె వదిలే రకం కాదు.

సాయంత్రం మబ్బు ఇంకా కిందికి దిగింది. చేను సగం మిగిలిపోయింది. కల్లం దగ్గర గింజల కుప్ప ముందు తాతయ్య మానిక పట్టుకుని నిలబడ్డాడు. కొలవడు, కూర్చోడు. ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. ముసలమ్మ వరసలో లేదు, కాస్త దూరంగా ఒక బిడ్డని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. ఇవాళ కూడా ఆమెకి కొలవకపోతే రేపు రాదని, ఆమె రాకపోతే చంటిపిల్లల తల్లులెవరూ రారని అందరికీ అర్థమైంది. 

తాతయ్య గొంతు సర్దుకున్నాడు. "ముసలమ్మా, ఇటు రా. ఒడి పట్టు" అన్నాడు.

ఆమె కదల్లేదు. "నేనివాళ పనికి రాలేదుగదండీ. అమ్మగారింట్లో కూర్చున్నా" అంది.

తాతయ్య నాయనమ్మ వైపు చూశాడు. నాయనమ్మ, "కూర్చోబెట్టింది నేను. కూర్చోబెట్టిన రోజుకీ కూలే. పట్టు" అంది.

ముసలమ్మ బిడ్డని తల్లికి ఇవ్వబోయి ఆగిపోయింది. ఆ తల్లి చేతులు ఇంకా చల్లారలేదు. ఒక చేత్తో బిడ్డని పట్టుకుని, రెండో చేత్తో కొంగు పట్టింది. తాతయ్య మానిక ముంచి పోశాడు. సగం కాదు, అందరికిచ్చినంత. చివరి మానిక నిండుగా, తలగొట్టకుండా పోశాడు. నేను నాయనమ్మ చెయ్యి వైపే చూశాను. ఆ చెయ్యి గింజల మీదికి వెళ్ళలేదు. పైట చెంగులోనే ఉండిపోయింది.

అప్పుడు మేస్త్రమ్మ ఊరుకోలేక, "అయ్యగారూ, మరి మీకు కొలవొద్దండీ? మీరూ పొద్దుట్నించీ చెట్టు కిందేగా!" అంది. అందరూ నవ్వారు. తాతయ్య కూడా నవ్వాడు కానీ, "నాకొద్దులే, ఆ పని నాకు చేతకాలేదు" అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను మళ్ళీ వినలేదు.

ఆ రాత్రి వాన పడలేదు. మబ్బు అలా తేలిపోయింది. దాంతో మా తాతయ్య మారిపోయాడని చెప్పలేను. మరుసటి ఏడు కోతలు మొదలవగానే ఆయన లెక్కలు మళ్ళీ మొదలుపెట్టాడు. "ముసల్దానికి నిండు కూలంటే..." అని నసిగాడు. నాయనమ్మ పొయ్యి ఊదుతూ, తల ఎత్తకుండా, "అయితే రేపు మీరు చూస్తారా పిల్లల్ని?" అని అడిగింది. ఆయన చెంబు తీసుకుని చేనుకి వెళ్ళిపోయాడు. ముసలమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ ప్రశ్న ఒక్కటే ఆమె కూలిని కాపాడింది.

ఇప్పుడు మేం నందిగామలో ఉంటున్నాం. మా అబ్బాయి చందర్లపాడు దగ్గర కౌలుకి మిరప వేస్తున్నాడు. కోతకి జగ్గయ్యపేట వైపు నుంచి ఆటోల్లో ఆడవాళ్ళు వస్తారు. మొన్న కోత మొదలుపెట్టిన రోజు తెల్లవారుజామున జల్లు పడింది. తడి కాయ కోస్తే బూజు పడుతుంది కదా, ఎండ వచ్చేదాకా వాళ్ళు గట్టు మీదే కూర్చున్నారు. నేను గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. సాయంత్రం మా అబ్బాయి నా దగ్గరకొచ్చి, "అమ్మా, సగం రోజు ఊరికే కూర్చున్నారుగా, సగం కూలిద్దాం" అన్నాడు.

"ఎవరు కూర్చోబెట్టార్రా?" అన్నాను.

"వాన."

"పొద్దున్నే రమ్మని వాన ఫోన్ చేసిందా వాళ్ళకి? చేసింది నువ్వు."

వాడు నసిగాడు. పోలికలు ఎక్కడికి పోతాయి! నేను పిసినారినే. టీ కాచిన పొడి గులాబీ మొక్కకి వేస్తాను, పాత దుప్పట్లు కుట్టి బొంతలు చేస్తాను, ఆటోవాడితో ఐదు రూపాయల కోసం బేరమాడతాను. కానీ వాళ్ళ పొద్దు వాళ్ళది. అది మన గట్టు మీద గడిచాక, కోసినా కూర్చున్నా, దాన్ని మనం వాడుకున్నట్టే. వాడుకున్నదానికి ఇవ్వకపోవడాన్ని పొదుపు అనరు. నిండు కూలి ఇచ్చేదాకా నేను ఆటోల ముందు నుంచి కదల్లేదు. ఆటోవాళ్ళు హారన్లు కొట్టారు. కొట్టుకోనీ అనుకున్నాను.

ఈ గుంపుతో కూడా పిల్లల్ని చూసుకోవడానికి ఒకావిడ వస్తుంది. ఆమెకి చెట్టు నీడ, మంచినీళ్ళ క్యాను, అందరితో సమానంగా కూలి, ఇవి మా చేలో ఎవరూ బేరమాడకూడని సంగతులు. మేస్త్రీలు ఇప్పుడు కూలి ఫోన్లలో వేయించుకుంటున్నారు కానీ ఆమెది మాత్రం నేను చేతికే ఇస్తాను, అందరికంటే ముందు.

పసిబిడ్డని ఎవరైనా నాకు అందిస్తే, ముందు నా అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటాను. మిరప ముట్టి వారం అయినా సరే. మా మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. దానికి కనబడేది ముసలి చేతులు. నాకు కనబడేది బిడ్డకి అడుగు దూరంలో, చాచిన చేతులతో ఆగిపోయిన ఆ తల్లి. అందుకే కోతల రోజుల్లో పొద్దు వాలాక, చెట్టు కింద కూర్చున్న మనిషి చేతిలో కూలి పడేదాకా నేను కూర్చోను.